మెట్ల మీద వెనక్కి తిరిగితే

ఏమండీ,

నేనూ చెల్లెలూ క్షేమం. ఇక్కడ గుళ్లు, పాత కోటలు, సముద్రం అన్నీ యాత్ర బస్సువాళ్లు తిప్పి చూపిస్తున్నారు. మోకాళ్ల నొప్పుల వంక పెట్టి మిమ్మల్ని ఇంట్లో వదిలేసి రావడమే నా బుద్ధితక్కువ. ఈ బస్సులో సగం మందివి మీవాటికన్నా పాడైన మోకాళ్లే.

నిన్న కొండమీది గుడికి మెట్లెక్కుతూ, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, "కాస్త కాళ్లు కదపండి, ఇలాగైతే మనం చేరినట్టే" అని కసిరాను. వెనక మీరు లేరు. ఎవరో ముసలాయన, మన భాష రానివాడు, బెదిరిపోయి గబగబా నాలుగు మెట్లు ఎక్కేశాడు. చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ మీరూ అలాగే ఎక్కారు కదా అనిపించింది. లోపలికి వెళ్లాక ఏం మొక్కుకోవాలో తోచలేదు.

స్టవ్ మీద పాలు పెట్టి పేపర్లో పడిపోకండి. దండెం మీది దుప్పటి తీశారా? మోకాళ్లకు నూనె మానకండి. సముద్రం దగ్గర మెట్లు లేవు, తడి ఇసుక మెత్తగా ఉంది. మీరు హాయిగా నడిచేవారు.

అత్తయ్యగారికి నమస్కారాలు, పక్కింటి పాపకు ముద్దులు. నేను వచ్చాక రోజూ సాయంత్రం బజారు దాకా వెళ్దాం. ముందు మీరు నడవండి, వెనక నేను వస్తాను.