పెళ్లికానుక

తమ్ముడూ వెండెల్,

గ్రంథాలయంలో చర్చ ఎలా జరిగిందని అడిగావు. నల్లవాళ్ల మీద ద్వేషానికి, ఎప్పుడో పోయిన బానిసత్వానికి సంబంధం లేదని వాదించాను. మన పెద్దలు బానిసలను సొంత మనుషుల్లా చూసుకున్నారని కూడా అన్నాను.

అప్పుడు లోరీన్ టిస్‌డేల్ లేచింది. ఆమె పెద్దలు మన పత్తిచేలల్లో పనిచేసిన బానిసలే.

"మా ముత్తవ్వ డెల్ఫీని ఆరేళ్లప్పుడు మీ ముత్తవ్వకి పెళ్లికానుకగా ఇచ్చారమ్మా. కాపురానికొస్తూ వెంట తెచ్చుకుంది. పిల్ల తల్లి నది అవతల, మీ ముత్తవ్వ పుట్టింట్లోనే ఉండిపోయింది. రోజూ సాయంత్రం మీ వెనక వసారాలో నిలబడి అమ్మా అని ఏడ్చేదంట. అది వింటూ మీవాళ్లకి ముద్దెలా దిగింది? వీళ్లకి మనలాగా బాధ ఉండదులే అనుకున్నారు. పిల్లలకీ అదే నేర్పారు. ద్వేషానికి వేరు బానిసత్వంలో లేదన్నారుగా, అక్కడే ఉంది."

పొద్దుగూకితే మన వసారాలో దయ్యప్పిల్ల ఏడుస్తుందని నాన్నమ్మ చెప్పేది, గుర్తుందా? తన అత్తగారి దగ్గర విన్నాననేది. ఆ అత్తగారే మన ముత్తవ్వ. ఆవిడ విన్నది దయ్యాన్ని కాదు, తమ్ముడూ.

బయటికొచ్చాక లోరీన్‌కి ఆ కథ చెప్పేశాను.

"మీ కథలో ఆ పిల్లకి వాళ్లమ్మ దొరుకుతుందా?" అని అడిగింది.

లేదన్నాను.

ఆదివారం వసారా చూడటానికి వస్తానంది. నువ్వు కూడా రా. నేనొక్కదాన్నే ఆ వసారా తలుపు తియ్యలేను.

మీ అక్క