నల్లకోటు విప్పిన కూతురు

ప్రియమైన నాన్నకు,

ఒకే ఆఫీసులో ఎదురెదురుగా కూర్చునే మనిషికి ఉత్తరమేమిటని నవ్వకండి. నోటితో చెబితే మొదటి వాక్యానికే అభ్యంతరం లేవదీస్తారు. అందుకే రాసి మీ బల్ల మీద పెట్టి వెళ్తున్నాను.

వచ్చే నెల నుంచి నేను లాయరును కాను. విశ్వవిద్యాలయంలో చాప్లెయిన్‌గా చేరుతున్నాను. ప్రార్థన మందిరం చూసుకుంటూ, ఏ మతం పిల్లలైనా, అసలు దేవుడి ఊసే గిట్టని వాళ్ళైనా, కష్టమొచ్చి తలుపు తడితే పక్కన కూర్చునే ఉద్యోగం. రెండేళ్ళుగా సాయంత్రం క్లాసులకు వెళ్ళింది దీనికోసమే. కొత్త చట్టాలు చదువుతున్నాననుకుని మీరు మురిసిపోయారు, క్షమించండి.

పద్దెనిమిదేళ్ళు మీ జూనియర్‌గా బోలెడు కేసులు గెలిచాను. గెలిచినవాళ్ళు కూడా వరండాలో ఏడుస్తుంటే, తరువాతి కేసు పిలిచారని పరుగెత్తేదాన్ని. ఇక పరుగెత్తను. బాగా ఆలోచించుకునే వెళ్తున్నాను, బెంగ పెట్టుకోకండి.

మీ అమ్మాయి

*

ప్రియమైన అమ్మడూ,

నీ వాదన చదివాను. బాగా రాశావు, నేర్పినవాణ్ణి నేనే కదా. కానీ ఈ కేసు ఓడిపోతావు. కూరగాయలవాణ్ణి కూడా అడ్డుప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసే దానివి, నోరు కట్టుకుని ఒకరి గోడు వింటావా? మొదట నవ్వొచ్చింది, తరువాత కోపమొచ్చింది. పాపం గుమస్తా రెండు రోజులుగా నా గది ఛాయలకు రావడం లేదు.

ఆరు నెలలు చూస్తాను. అందాకా నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వను.

నాన్న, ఇప్పటికీ నీ సీనియర్

*

ప్రియమైన నాన్నకు,

మీరన్నట్టే అయింది. మొదటి వారమే ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న ఆసుపత్రిలో పోయారట. నేనేం చేశానో తెలుసా? "ఎన్ని గంటలకు? పక్కన ఎవరున్నారు? ముందురోజే ఎందుకు వెళ్ళలేదు?" అని వరసగా అడిగాను. చేతిలో కలం కూడా ఉంది. ఆ పిల్ల బోనెక్కినట్టు బిగుసుకుపోయి, "ఇప్పుడు నాకు పరీక్ష ఉందండీ," అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు లైబ్రరీ మెట్ల మీద కనిపించింది. "నిన్న తప్పంతా నాదే," అని చెప్పి పక్కన కూర్చున్నాను. అరగంటసేపు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నాలుక దురద పెట్టింది, ఆపుకున్నాను. చివరికి తనే, "మా నాన్న ఎప్పుడూ ఒక్కో కాలికి ఒక్కో రంగు సాక్సు వేసుకునేవారండీ," అని నవ్వి, ఆ నవ్వులోనే భోరుమంది. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ప్రతి బుధవారం వస్తోంది. ఈ పని నాకు వస్తుంది నాన్నా. ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చేయండి.

మీ అమ్మాయి

*

ప్రియమైన తల్లీ,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు నాలుగుసార్లు రాసి చించేశాను. మూడింటిలో నిన్ను వెనక్కి రమ్మన్నాను.

మీ అమ్మ పోయిన మూడో రోజున నిన్ను ఆఫీసుకు రప్పించి, మరణ ధ్రువపత్రం కోసం దరఖాస్తు టైపు చేయించాను. రెండుచోట్ల తప్పులు పడ్డాయి. ఎర్రసిరాతో దిద్ది మళ్ళీ కొట్టమన్నాను. నువ్వు అలాగే కొట్టుకొచ్చావు. పనిలో పడితే నీ మనసు కుదుటపడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి నీ ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. ఆ రోజే కాదు, ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ నిన్ను అడగలేదు.

గురువారం కేసులన్నీ వాయిదా వేయించాను. విశ్వవిద్యాలయంలో నీ గదికి వస్తున్నాను. నిన్ను తీసుకెళ్ళడానికి కాదు. ఒక్క మాట అడిగి, నువ్వెంతసేపు చెబితే అంతసేపూ వింటాను. ఎదుట పడ్డాక నోరు పెగలదేమోనని ఆ మాట ఇక్కడే రాస్తున్నాను.

అమ్మ పోయాక నువ్వెలా ఉన్నావమ్మా?

నాన్న