నంబర్లు జరిగిపోయాయి, అక్కా

అక్కా,

మా ఫరీదాబాద్ ల్యాబ్‌లో రోజూ చూసే జీనోమ్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో మనిషి జన్యుక్రమం పాత కూర్పు తీసేసి కొత్తది పెట్టారు. పాతదాంట్లో ఖాళీలు పూరించారట, సంతోషం. కానీ డీఎన్‌ఏ అక్షరాల నంబర్లన్నీ జరిగిపోయాయి! నీ జబ్బుకు కారణమైన అక్షరం నంబరు నాకు కంఠస్థం. ఈరోజు అది కొడితే ఇంకెక్కడో తేలాను.

"నంబరే కదా దీదీ, కన్వర్ట్ కర్ లో," అంది పక్క సీటమ్మాయి తాపీగా, కొత్త నంబరుకు మార్చేసుకోమని.

జీవితమంతా ప్రూఫులు దిద్దినదానివి, నువ్వుంటే "పేజీలు జరిపితే విషయసూచిక ఎవడు మారుస్తాడు?" అని విరుచుకుపడేదానివి. నీ జబ్బును కూడా అచ్చుతప్పనే అనేదానివి.

చివరికి ఆ చోటు దొరికింది. కొత్త కూర్పులోనూ అక్కడ అక్షరం సరిగ్గానే ఉంది.

తప్పు పడిన కాపీవి నువ్వు. నాకు ఆ కాపీయే కావాలి.