తలుపు తట్టే వరస

బావగారికి నమస్కారాలు.

మళ్లీ సమావేశాలకు రమ్మని మీరు రాసిన ఉత్తరం అందింది. నాకు భయంగా ఉంది బావగారూ. జబ్బు చేసి మన ఫ్రీమేసన్ల రహస్య సంఘం కలిసే లాడ్జికి రావడం మానేశాక, లోపలికి వెళ్లేముందు తలుపు తట్టే వరస, అక్కడ చెప్పాల్సిన రహస్యపు మాట, రెండూ ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

పోయిన సమావేశానికి వచ్చాను, మీకు తెలీదు. తలుపు బయట కత్తి పట్టుకుని కాపలా ఉండే పెద్దాయన నన్ను చూసి నవ్వారు. తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "కారు దీపాలు ఆర్పడం మర్చిపోయాను, ఇప్పుడే వస్తాను" అని వచ్చేశాను. నాకు కారు లేదని ఆయనకు తెలుసు.

ఈసారి మీరు నా పక్కనే నిలబడండి. అందరి ముందూ నోరు పెగలకపోతే మళ్లీ ఆ గడప తొక్కలేను.

ఇంట్లో పడకగది తలుపు మీద సాధన చేస్తున్నాను. ఎంత తప్పుగా తట్టినా లోపల్నుంచి మీ చెల్లెలు, "తీసే ఉంది, రండి" అంటోంది. అక్కడ కూడా అలా అనేవాళ్లు ఉంటారా? ఆ ఒక్క ముక్క రాయండి బావగారూ, బయల్దేరతాను.