పెళ్ళి విందు బొమ్మ

సస్కటూన్, శనివారం

మా పల్లె నుంచి ఈ దేశానికి వచ్చిన డాక్టరు గారిని ఈరోజు మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ గోడకి రొమాంటిక్ కాలం నాటి, అంటే రెండొందల ఏళ్ళ కిందటి బొమ్మ ఒకటి ఉంది. పల్లెలో పెళ్ళి విందు. డోలు వాయించేవాడితో సహా అందరూ ఒకే బల్ల దగ్గర తింటున్నారు.

"మా పెళ్ళి అచ్చం ఇలాగే జరిగిందోయ్. ఊరంతా కలిసి తిన్నాం," అన్నారాయన.

"ఆ పెళ్ళికి డప్పు కొట్టింది మా నాన్నేనండీ. ఆయనెక్కడ తిన్నాడు?"

"అవన్నీ ఇప్పుడెందుకయ్యా? పార్కింగ్ టైమ్ అయిపోతోంది, పద."

నాన్న తిన్నది పశువుల కొట్టం వెనక, అందరి విస్తళ్ళూ ఎత్తేశాక. ఆ మాట డాక్టరు గారి నోట వినాలి.

కారులో ఆయన్ని రేపు భోజనానికి పిలిచాను.

"చేపల పులుసేనా?" అన్నారు హుషారుగా.

చేపల పులుసే. మేమంతా తిన్నాక, ఆయనకి గరాజ్‌లో వడ్డిస్తాను. ఎందుకని ఆయనే అడగాలి.

నా భార్యకు ఇంకా చెప్పలేదు.