కుళాయి పూర్తిగా తిప్పాలి

అమ్మా సుగుణా,

మీ అమ్మగారు ఎయిర్‌పోర్టు నుంచి రాగానే మనవరాలు జూడీకి నీళ్ళు పోస్తానంటారు. వేడినీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పమను. మన అలవాటు కొద్దీ బకెట్లోకి సన్నగా వదిలితే బయట గోడకున్న గ్యాస్ హీటర్లో మంట అంటుకోదు, చన్నీళ్ళే వస్తాయి. ఇది తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది. అదే సమయంలో వంటగదిలో వేడినీళ్ళు వాడకండి.

మొన్న ఫోనులో ఆవిడ, "మీరింక రెస్టు తీసుకోండి వదినగారూ, నా మనవరాల్ని నేను చూసుకుంటాను" అన్నారు. రెండు నెలలుగా ఆ పిల్లకు నీళ్ళు పోస్తున్నది నేను. అయినా సరేనన్నాను. కుళాయి సంగతి రాయకుండానే వెళ్ళిపోదామనుకున్నాను. పిల్లకు జలుబు చేస్తుందని రాశాను.

నేను ఏ ఇల్లు వదిలి వెళ్ళినా, తిరిగి వచ్చేసరికి అక్కడి పసిపిల్లలు నన్ను కొత్త మనిషిలా చూశారు. అదే నా భయం.

కాన్‌బెర్రాలో తన ఇంటికి తీసుకెళ్ళడానికి మా అమ్మాయి, మీ వదిన, కారులో ఎదురుచూస్తోంది.

అత్తయ్య

తల మీద నీళ్ళు పడగానే జూడీ ఏడుస్తుంది. అప్పుడు నేను దాని చెవిలో ఒక మాట చెబుతాను, ఊరుకుంటుంది. ఆ మాట మాత్రం ఇందులో రాయలేదు. వచ్చాక నేనే చెప్పుకుంటాను.