ఊపు తీసేసిన వీడియో

చిన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో తెర మీద వేద్దామని నీ ఫోన్లోని వీడియోలు పట్టుకుని మార్కాపురం స్టూడియోకి వెళ్లాను. ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. అన్నీ నువ్వు తీసినవే.

మిరప చేలో అమ్మ నిన్ను తిడుతున్నది ముందు పెట్టించాను. నవ్వితే నీకు చప్పుడు రాదు, ఒళ్లంతా ఊగుతుంది. దాంతోపాటు తెరంతా ఊగుతోంది. తల తిరుగుతోందిరా అంటే, "సినిమాల్లో ఇప్పుడు ఇట్లనే తీస్తాండారక్కా, నీకేం తెలుసు" అనేవాడివి.

"ఏందమ్మా ఈ ఊపు? చూసేటోళ్లు కక్కుకుంటారు. నిమిషంలో తీసేస్తా" అన్నాడు స్టూడియో అన్న. తీసేశాడు కూడా. బొమ్మ కదలకుండా నిలబడింది, కెమెరా స్టాండు మీద పెట్టి ఎవరో వెళ్లిపోయినట్టు. అమ్మ ఎవరూ లేని వైపు చూస్తూ "నవ్వింది చాల్లే, ఇంటికి పోదాం పా నాయనా" అంటోంది.

"ముందున్నట్టే పెట్టన్నా."

"బాగుండదమ్మా. చర్చి పెద్దలంతా వస్తారు."

"ఆ ఊగేది మా తమ్ముడన్నా."

అతను చేసిన మార్పు వెనక్కి తీశాడు. తెర మళ్లీ ఊగింది.

రేపు అమ్మను ముందు వరసలో కూర్చోబెడతాను.

అక్క